మోసినవాడు దొరికినాడు, మోయించినవాడు?

బనగానపల్లెలో ఒక మామ, మేనకోడలు. మామ ఎక్సైజ్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఉమ్మడి కర్నూలు జిల్లా సరిహద్దు చెక్‌పోస్టుల్లో, నాటుసారా బట్టీల మీద దాడుల్లో ఆయన సర్వీసంతా గడిచింది. మేనకోడలు నంద్యాలలో లాయరు. గంజాయి కేసుల్లో ముద్దాయిల తరఫున వాదిస్తుంది. మత్తు వ్యాపారం ఊళ్ళను తినేస్తోందన్న బాధ ఇద్దరిదీ. దాన్ని ఎట్లా అణచాలన్న దగ్గరే ఇద్దరికీ పడదు. వాళ్ళ వాదంలో ఎవరి మాటనూ తోసెయ్యడానికి లేదు కాబట్టి ఇద్దరి మాటా ఇక్కడ పెడుతున్నాం.

మామ: గంజాయి కేసులో ఆ పిల్లోనికి బెయిలు ఇప్పించినావంటనే పాపా. ఊళ్ళో నలుగురూ నన్నే అడుగుతున్నారు, మీ మేనకోడలే గదా అని. నేనేం చెప్పాల?

మేనకోడలు: చట్టంలో ఉన్నదే ఇప్పించినానని చెప్పు మామా. దొరికింది 20 కిలోల లోపు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి కిలో వరకు చిన్న పరిమాణం, దానికి ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, పదేళ్ళకు తగ్గకుండా ఇరవై ఏళ్ళ వరకు జైలు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. ఆ రెంటి నడుమ పడితే పదేళ్ళ దాకా. 20 కిలోలు దాటిన కేసులో 37వ సెక్షను అడ్డం నిలబడుతుంది. వీడు నేరం చేసి ఉండడని నమ్మడానికి ఆధారముందని జడ్జికి తోస్తే తప్ప బెయిలు రాదు. ఇంత గట్టి చట్టం దేశంలో తక్కువ. ఇంకా గట్టిది కావాలంటావా?

మామ: చట్టం చాలు. పట్టు చాలలేదు అంటున్నా. పట్టు బిగించినప్పుడు ఏమైందో చూడు. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన అని విశాఖ ఏజెన్సీలోకి దిగినారు. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల్లో 7,500 ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికినారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోలు కుప్పపోసి తగలబెట్టినారు. 2024 నవంబరులో ఈగల్ అని దీనికోసమే ఒక దళం పెట్టి, 1972 అని ఫోను నంబరు ఇచ్చినారు. ఇప్పుడు ఆ కొండల్లో సాగు బాగా తగ్గింది. నిన్నటిదాకా ఎవరూ ఎక్కలేని కొండలవి. మనసు పెట్టి పట్టుకుంటే తగ్గుతుందనడానికి ఇంకేం సాక్ష్యం కావాల?

మేనకోడలు: సాగు తగ్గింది, ఒప్పుకుంటా. సరుకు తగ్గిందా? ఈమధ్య పట్టుబడేదంతా ఎక్కడిదని అడిగితే పోలీసులే ఒడిశా పేరు చెబుతున్నారు. మల్కనగిరి, కోరాపుట్ జిల్లాలు. సరిహద్దుకు ఇవతల నరికితే అవతల మొలిచింది. కొనేవాడు మారలేదు, అడ్వాన్సు ఇచ్చేవాడు మారలేదు, నర్సీపట్నం మీదుగా మైదానానికి దిగే దారులూ మారలేదు. సర్కారు తుమ్మను మొదలు మిగిల్చి పైన నరికితే ఏమవుతుందో మన చేన్లలో చూసినోళ్ళమే గదా.

మామ: వేరు పెకలించడం చేతకాలేదని ఎవరైనా కొడవలి పారేస్తారా? నరకడం మానుకున్న ఏడాదే చేను పోతుంది.

మేనకోడలు: నరకొద్దని నేననలేదు. మొదలు యాడుందో చూపిస్తా విను. ఏజెన్సీలో ఒక గిరిజన రైతు కాఫీ పెడితే కాపుకు మూడు నాలుగేళ్ళు ఆగాలి. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి సంతకు మోసుకుపోవాలి. గంజాయికి ఆ బాధ లేదు. విత్తనం వాకిట్లోకి వస్తుంది, అడ్వాన్సు ముందే వస్తుంది, వానలకు పెడితే చలికాలానికి కోత, కొనేవాడు కొండ మీదికే వస్తాడు. బ్యాంకు ఎక్కని కొండ అడ్వాన్సు ఇచ్చే వ్యాపారి ఎక్కినాడు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ప్రపంచమంతా పేరుంది. ఆ పేరు తెచ్చే డబ్బు చివరి గూడెం దాకా చేరిన చోట గంజాయి విత్తనం చేతికిచ్చినా తీసుకునేవాడు తగ్గుతాడు. చేరనిచోట ఎన్నిసార్లు నరికినా మళ్ళీ పెడతాడు.

మామ: పేదరికం మాట నాకు చెప్పొద్దు పాపా. కరువంటే ఏందో రాయలసీమోళ్ళకు ఒకరు నేర్పాల్నా? వేరుశనగ పెట్టుబడి కూడా రాని సంవత్సరాలు మనం చూడలేదా? పల్లెలకు పల్లెలు తాళాలేసి గుంటూరు మిరపకాయల కోతకు పోలేదా, బెంగళూరుకు కూలికి పోలేదా? మన బండల గనుల్లో దుమ్ము మింగుతా, చేతులు కాయలు కాచినా రాయి కొట్టుకుని బతికినారు. ఆకలి ఉండాదని మన రైతు విషం పండించలేదు.

మేనకోడలు: ఆ మాటకు నేను చేతులెత్తి మొక్కుతా. అయినా కంది చేలో, మిరప చేలో సాళ్ళ నడుమ నాలుగు మొక్కలు పెట్టి దొరికిన కేసులు రాయలసీమ జిల్లాల్లోనూ ఉండాయి, నీకు తెలియనిది కాదు. మన దగ్గర అది వేల ఎకరాలు కాకపోవడానికి మన మంచితనం ఒక కారణం. ఇంకొకటి, కొనేవాడు అడ్వాన్సు పట్టుకుని మన ఊళ్ళోకి దిగలేదు. మన ఊరికి రోడ్డుంది, మండలాఫీసుంది, మామిడికి మార్కెట్టుంది. బనగానపల్లె పేరు చెబితే దేశంలో ఎవడైనా పండు అడుగుతాడు. పండించినదానికి పేరూ గిరాకీ ఉన్న రైతును లాగడం కష్టం. కొండ మీదోడికీ అది కావాలంటున్నా.

మామ: సరే, కొండ సంగతి అట్లుండనీ. దారి మాట చెప్పు. అక్కడ నీకు జవాబు లేదు. పంచలింగాల చెక్‌పోస్టులో పనిచేసిన రోజులు నాకు గుర్తే. 2019 తర్వాత మన రాష్ట్రంలో మందు రేటు పెంచినారు, తెలంగాణలో ఆలంపూరుకు పోతే రేటు తక్కువ ఉండేది. అప్పటినుంచి తెలంగాణ సీసాలు, కర్ణాటక ప్యాకెట్లు ఎట్లెట్ల వచ్చినాయో! కూరగాయల బుట్టల కింద, స్కూటరు సీటు కింద, నడుముకు చుట్టుకుని. 2020 మే నెలలో ఎస్‌ఈబీ అని ప్రత్యేక విభాగమే పెట్టాల్సొచ్చింది. దారి మీద నిలబడినవాడికే తెలుస్తుంది దొంగ బుద్ధి ఎన్ని రకాలో. ఆ దారి మీద మనిషి లేకుంటే సరుకు నేరుగా మన ఇంటర్ కాలేజీ గేటు దగ్గర దిగుతుంది.

మేనకోడలు: నీ మాటలోనే ఒక సంగతి ఉంది మామా. రేటు తేడా ఉన్నన్నాళ్ళు మోసేవాడు పుడుతూనే ఉన్నాడు. మీరు వందమందిని పట్టుకున్నా నూట ఒకటోవాడు వచ్చినాడు. మందుకు సరిహద్దు దాటితేనే అంత లాభముంటే, గంజాయికి కొండ మీది రేటుకూ బెంగళూరు రేటుకూ పోలికే లేదు. ఆ లాభంలో మోసేవాడికి దక్కేది కూలి. నా కక్షిదారుల్ని చూస్తున్నా కదా. డిగ్రీ మధ్యలో వదిలేసినోడు, లారీ మీద క్లీనరు, అప్పులో మునిగిన ఆటో డ్రైవరు. ఒక బ్యాగు ఫలానా స్టేషన్లో ఎక్కించుకో, ఫలానా చోట దింపు అంటారు. వానికి తెలిసింది ఒక్క ఫోను నంబరు. వాడు దొరికిన గంటకు ఆ నంబరు పనిచేయదు. ముందు పైలట్‌గా బైకు మీద ఒకడు, వెనక బ్యాగు. పోలీసు కనపడితే బైకు తిరిగిపోతుంది, బ్యాగు వాడు చిక్కుతాడు. ఈ వ్యాపారాన్ని అట్లా కట్టినారు. దొరికేవాడు ఎప్పుడూ పోయినా ఫరవాలేనివాడే. అందుకే ఇది ఆగదు.

మామ: వాడు పాపం తెలియనోడా? బ్యాగులో ఏముందో వాసన చెప్తుంది. మన నంద్యాల–ఎర్రగుంట్ల రైలు 2016లో వచ్చినప్పుడు ఊరు ఊరంతా పండగ చేసుకుంది. అట్లాంటి రైల్లో పిల్లలు చదువుకు పోతుంటే పక్క సీటు కింద బ్యాగు పెట్టుకుని కూర్చునేవాడి మీద నాకు జాలి రాదు. ఆ బ్యాగు ఎన్ని ఇళ్ళు కూల్చుతుందో వానికి తెలుసు.

మేనకోడలు: జాలి చూపమని కాదు. వాణ్ణి పదేళ్ళు లోపల పెట్టి, పని అయిపోయిందనుకోవద్దంటున్నా. ఇదే చట్టంలో 27ఏ సెక్షనుంది. ఈ వ్యాపారానికి పెట్టుబడి పెట్టినవాడికి పది నుంచి ఇరవై ఏళ్ళు. 1989లో ఐదో-ఏ అధ్యాయం చేర్చినారు. అక్రమ రవాణాతో కూడబెట్టిన ఆస్తిని స్తంభింపజేసి జప్తు చేసుకోవచ్చు. 1988లో వచ్చిన ఇంకో చట్టం కింద పదేపదే చేసేవాణ్ణి ముందస్తుగా నిర్బంధించొచ్చు. ఈ ఆయుధాలు ఎన్ని కేసుల్లో బయటికి తీసినారు? నా ముందుకొచ్చే ఛార్జిషీట్లలో బ్యాగుంటుంది, బరువుంటుంది, పంచనామా ఉంటుంది. ఆ బ్యాగుకు డబ్బు పెట్టినవాడి పేరు ఉండదు. ‘పరారీలో ఉన్నాడు’ అన్న ఒక్క మాట ఉంటుంది.

మామ: ఇప్పుడు నేను చెప్తా విను. ఆ పేరు మాకు తెలియకనా? మోసినవాడే చెప్తాడు. కానీ 2020లో సుప్రీంకోర్టు తోఫాన్ సింగ్ కేసులో ఏం చెప్పింది? అధికారి ముందు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదంది. సోదాకు ముందు 50వ సెక్షను కింద గెజిటెడ్ అధికారి కావాల్నా, మెజిస్ట్రేటు కావాల్నా అని అడగలేదని ఒక కేసు పోతుంది. శాంపిలు తీసిన పద్ధతి తప్పని ఇంకోటి పోతుంది. రాత్రంతా రోడ్డు మీద నిలబడి పట్టుకుంటే, మీ లాయర్లు ఒక్క సంతకం లేదని విడిపిస్తారు. మా ఎస్‌ఐకి ఒక్క గంజాయి కేసేనా పని? జాతరకు బందోబస్తు, మంత్రి వస్తే బందోబస్తు, కుల గొడవ, పొలం గట్టు గొడవ. బెంగళూరులో బ్యాంకు ఖాతా యాడికి పోయిందో వెతకడానికి వానికి మనిషి ఉండాడా, టైము ఉండాదా? నెల తిరిగేసరికి పైనుంచి అడిగేది ఒక్కటే: ఎన్ని కేసులు, ఎన్ని కిలోలు.

మేనకోడలు: నా వాదం అంతా నువ్వే ఒక్క మాటలో చెప్పినావు మామా. కిలోలు అడిగితే కిలోలే దొరుకుతాయి. కిలోలు మోసేవాడి దగ్గరే ఉంటాయి, పెట్టుబడిదారుడి దగ్గర కాగితాలుంటాయి. 2021 సెప్టెంబరులో గుజరాత్ ముంద్రా ఓడరేవులో 2,988 కిలోల హెరాయిన్ దొరికింది, గుర్తుందా? అఫ్గానిస్థాన్ నుంచి ఇరాన్ మీదుగా టాల్క్ రాళ్ళ పేరుతో వచ్చింది. దిగుమతి కాగితాల మీద ఉన్న చిరునామా మన విజయవాడది. సరుకు విజయవాడ రోడ్డెక్కనే లేదు, చిరునామా ఒక్కటే ఎక్కింది. రోడ్డు మీద ఎన్ని రాత్రులు కాపలా కాసినా ఆ కంపెనీ కనపడదు. జీఎస్టీ కాగితం, బ్యాంకు ఖాతా, దిగుమతి లైసెన్సు చదవగలిగినవాడికే కనపడుతుంది. పద్ధతి తప్పకుండా సోదా చెయ్యమని కోర్టు అడిగితే అది ముద్దాయికి చుట్టరికం కాదు. బెదిరించి చెప్పించిన పేరు మీద కేసు కడితే అసలువాడే నవ్వుకుంటూ బయటపడతాడు.

మామ: అంటే మాకు లెక్కలు చూసేవాణ్ణి ఇయ్యండి అంటావు. అది నేనూ అంటా. ఈగల్ లాంటి దళంలో అట్లాంటి మనుషులే ఎక్కువ ఉండాల. ఆ మాటకు నీకూ నాకూ తగువు లేదు. తగువంతా ఇంట్లో ఉండే పిల్లోడి దగ్గర. తాగేవాణ్ణి ముట్టుకోవద్దంటావు నువ్వు. ముట్టుకోవాల్సిందే అంటా నేను. ఎందుకో చెప్తా. ఒక తల్లి. భర్త పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కోసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. ఆమె మామిడి తోటల్లో కూలికి పోయి కొడుకును చదివించింది. వాడు మొదట సిగరెట్టులో కలుపుకున్నాడు. తర్వాత మాత్రలకు దిగినాడు. ట్రమడాల్ అంట, నైట్రజెపామ్ అంట. ఆమె మెడలో పుస్తె కూడా పోయింది. ఒకరోజు నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకుంది: ‘సార్, మా వాణ్ణి జైల్లో ఎయ్యండి, ఈడ ఉంటే చచ్చిపోతాడు.’ ఆమెకు చట్టం భయం కావాల్సొచ్చింది పాపా. భయం లేకుంటే ఇంకెంతమంది పిల్లలు పోతారో చెప్పు.

మేనకోడలు: ఆ తల్లి నీ దగ్గరికి ఎందుకొచ్చింది మామా? జైలు మంచిదని కాదు. కొడుకును తీసుకుని పోవడానికి ఆమెకు పోలీసు స్టేషను తప్ప ఇంకో చోటు తెలియలేదు. ఇదే చట్టంలో 64ఏ సెక్షనుంది. మత్తుకు అలవాటుపడినవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట వైద్యానికి వస్తే, తాగినందుకుగానీ తన దగ్గర చిన్న పరిమాణం ఉన్నందుకుగానీ వాని మీద కేసు నడపకూడదు. వైద్యం మధ్యలో వదిలేస్తేనే ఆ రక్షణ పోతుంది. కోర్టుకొచ్చినవాణ్ణి కూడా శిక్షకు బదులు వైద్యానికి పంపడానికి 39వ సెక్షను జడ్జికి అధికారమిచ్చింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తు మందుల వల్ల వచ్చే జబ్బును మానసిక అనారోగ్యం కిందే లెక్కగట్టింది. చట్టం వాణ్ణి రోగి అంటోంది. మన ఊరే దొంగ అంటోంది. దొంగ అనేసరికి ఇంట్లోవాళ్ళు దాస్తారు. ఏడాది దాస్తారు, రెండేళ్ళు దాస్తారు. ఆ దాచిన రోజులే అమ్మేవాడికి కావాల్సిన రోజులు.

మామ: సెక్షన్లు కాగితం మీద బాగుంటాయి. బనగానపల్లె నుంచి ఆ తల్లి యాడికి పోవాల? నంద్యాలకు పోతే ఒక రోజు కూలి పోతుంది. కర్నూలు పెద్దాసుపత్రికి పోతే రెండు రోజులు. డాక్టరు పదిహేను రోజులకొకసారి రమ్మంటాడు. ప్రైవేటు డీఅడిక్షన్ సెంటరు అంటే లక్షలు. కొన్నిచోట్ల కట్టేసి కొడతారని కూడా విన్నాం. వైద్యం చేతికి అందకుండా పెట్టి, పోలీసును మాత్రం వెనక్కి పొమ్మంటే ఆమెకు మిగిలేదేంది?

మేనకోడలు: అది నిజం, దాన్ని నేను తప్పించుకోలేను. అందుకే అడుగుతున్నా, ప్రతి ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక్క రోజన్నా మానసిక వైద్యుడు కూర్చోవాలి. మందులు ఉచితంగా ఉండాలి. 14446 అని మత్తు విడిపించే జాతీయ హెల్ప్‌లైను ఉంది. మన ఊళ్ళో ఎన్ని గోడల మీద రాసినారు ఆ నంబరు? అమ్మేవాణ్ణి పట్టించే 1972 ఒక్కటే రాస్తే తల్లి ఫోను చేయదు, కొడుకునే పట్టించినట్టవుతుందని భయపడుతుంది. రెండు నంబర్లూ పక్కపక్కన ఉండాలి. ఇది దేనికి, అది దేనికి అని తెలియాలి.

మామ: మెత్తగా పోతే ఏమవుతుందో కూడా లోకం చూసింది పాపా. అమెరికాలో ఆరిగాన్ అనే రాష్ట్రం 2021 నుంచి మత్తుమందు వాడేవాళ్ళ మీద కేసులు తీసేసింది. రోడ్ల మీదే వాడకం పెరిగిందని జనం మొత్తుకుంటే 2024 సెప్టెంబరు నుంచి మళ్ళీ నేరం చేసింది. థాయిలాండ్ 2022లో గంజాయి తలుపులు తెరిచి, మూడేళ్ళు తిరిగేసరికి 2025లో డాక్టరు చీటీ ఉంటేనే అని మూసింది. ఎయిమ్స్ వాళ్ళు దేశమంతా తీసిన లెక్క 2019లో బయటికొచ్చింది. గంజాయి, భంగు వాడినోళ్ళు 3 కోట్ల పైచిలుకు. మద్యం తాగినోళ్ళు 16 కోట్లు. దుకాణం తెరిచి అమ్మే మందుకు 16 కోట్లు, పట్టుకుని జైల్లో వేసే గంజాయికి, భంగు కలుపుకున్నా 3 కోట్లు. భయం పనిచేస్తుందనడానికి ఇంకేం కావాల?

మేనకోడలు: అమ్మకం మీద భయం పనిచేస్తుంది, దాన్ని నేను కాదనను. గంజాయి దుకాణాలు తెరవమని నేను ఏనాడూ అడగలేదు. ఒకప్పుడు ఇక్కడ సర్కారే అమ్మింది. ఈస్టిండియా కంపెనీవాళ్ళు నల్లమందు పండించి చైనాకు పంపి ఖజానా నింపుకున్నారు. తర్వాత వచ్చిన బ్రిటిష్ సర్కారు గంజాయి మీద పన్ను వేసుకుంటూనే, దాని వల్ల చెడుపు ఎంతో చూడమని 1893లో ఒక కమిషను వేసింది. మితంగా వాడితే పెద్ద హాని లేదని ఆ కమిషను రాసింది. అది పట్టుకుని ఈనాటి పిల్లలు నాతో వాదిస్తారు, సాధువులు తాగలేదా అంటారు. అప్పటి సాధువు వేరు, ఈనాటి పదహారేళ్ళ పిల్లోడు వేరు. ఇప్పుడు వచ్చే సరుకులో ఘాటు వేరు, గంజాయి నుంచి తీసిన నూనె వేరు. మెదడు ఇరవై ఐదేళ్ళ దాకా కుదురుకుంటూనే ఉంటుంది. ఆ వయసులో రోజూ తాగితే జ్ఞాపకం దెబ్బతింటుంది, కొందరికి మతి చెదిరే జబ్బు మొదలవుతుంది. నా కక్షిదారుల్లో ఎవరో తన వెంట పడుతున్నారని గదిలోంచి బయటికి రానివాణ్ణి చూసినా. అమ్మకం ఆగాల్సిందే. నా పేచీ వాడేవాణ్ణి, అమ్మేవాణ్ణి ఒకే గాటన కట్టడంతో. పోర్చుగల్ 2001లో ఆ ఇద్దర్నీ విడదీసింది. తన వాడకానికి కొద్దిగా ఉంచుకున్నవాణ్ణి కోర్టుకు కాకుండా వైద్యుడు, సమాజ సేవకులు ఉన్న కమిటీ ముందుకు పంపింది. అమ్మకం నేరంగానే ఉంచింది. వైద్యానికి డబ్బు పెట్టింది కాబట్టి నిలబడింది. ఆరిగాన్ కేసులు ముందు తీసేసి, వైద్యం తర్వాత చూద్దామనుకుంది. నువ్వు చెప్పిన లెక్క నాకూ పనికొస్తుంది మామా. మందుకు బానిసైనవాడు ఆసుపత్రికి పోతే ఎవరూ సంకెళ్ళు వెయ్యరు. గంజాయికి బానిసైనవాడు డాక్టరుకు కూడా నిజం చెప్పడు.

మామ: ఆ ఎయిమ్స్ లెక్కలోనే ఇంకోటుంది. ముక్కుతో పీల్చే మత్తు, అంటే వైట్‌నరు, సొల్యూషను, పెట్రోలు లాంటివి. మిగతావన్నీ పెద్దవాళ్ళు ఎక్కువ వాడితే, ఇది మాత్రం పెద్దవాళ్ళ కన్నా పిల్లల్లో ఎక్కువ. అది అమ్మేది స్మగ్లరు కాదు, వీధి కొట్టువాడు. మాత్రలు అమ్మేదీ మందుల షాపువాడే. చీటీ లేకుండా ఇయ్యకూడదని వానికి తెలుసు. 2018లోనే ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్ కిందికి తెచ్చినారు. 2025 మార్చిలో ఆపరేషన్ గరుడ అని రాష్ట్రమంతా మందుల షాపులు సోదా చేసినారు. అందుకే చెప్తున్నా, ఇది ఊళ్ళో మనిషికి తెలియకుండా జరిగేది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు పోలీసును ఎవరూ ముందు పంపలేదు. ఆడోళ్ళు ముందు నిలబడినారు. 1993 అక్టోబరులో సారా నిషేధం అట్లా వచ్చింది. ఊరు తిరగబడినచోట మా పని సగం తగ్గేది. ఊరు కళ్ళు మూసుకున్నచోట మేము ఎన్ని బట్టీలు పగలగొట్టినా లాభం లేదు.

మేనకోడలు: ఆ తర్వాతి కథ కూడా చెప్పు మామా. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేసినారు. మధ్యలో కర్ణాటక నుంచి సీసాలు దిగినాయి, కొండల్లో బెల్లం ఊటలు పొంగినాయి. ఆడోళ్ళు తెచ్చిన విజయాన్ని పోలీసుకూ చెక్‌పోస్టుకూ అప్పజెప్పి ఊరు ఇంటికి పోయింది. తాగుడు మానలేనివాడికి వైద్యమిచ్చిన చోటు ఒక్కటీ లేదు. గొంతు ఎండినవాడు యాడ దొరికితే ఆడ కొన్నాడు. కొనేవాడుంటే తెచ్చేవాడు వస్తాడు. దూబగుంట తల్లులు చూపింది సగం దారి. మిగతా సగం మనం నడవలేదు.

మామ: మిగతా సగం నువ్వు చెప్పేదేనా?

మేనకోడలు: మన ఇద్దరం చెప్పేది. నువ్వు డబ్బు పెట్టినవాణ్ణి పట్టాలంటున్నావు, ఊరు నిలబడాలంటున్నావు. నేను కొండ మీద పంటకు దారి, ఇంట్లో పిల్లోడికి వైద్యం కావాలంటున్నా. మధ్యలో దారి మీద దొరికినవాణ్ణి వదిలెయ్యమని నేను అడగను. వాడొక్కడితోనే కేసు మూసెయ్యొద్దని అడుగుతా.

మామ: ఒక్కచోట మాత్రం నేను నీతో కలవను. తాగేవానికి భయం పూర్తిగా పోకూడదు. మొదటిసారి దొరికితే ఆసుపత్రికి పంపు, రెండోసారీ పంపు. మూడోసారి పక్కింటి పిల్లోనికి అంటించినాడంటే వాడు నా దృష్టిలో అమ్మేవాడే.

మేనకోడలు: అంటించినట్టు రుజువు చేసి అడుగు. అప్పుడు నేనే ఎదురు వాదించను.

మామ: అట్లయితే ఒక పని చేద్దాం పాపా. ప్రతి సంవత్సరం జూన్ 26న మాదకద్రవ్య వ్యతిరేక దినమని ర్యాలీ తీస్తారు, బడి పిల్లలతో ప్రమాణం చేయిస్తారు, ఇన్ని కిలోలు తగలబెట్టినామని పేపర్లో వేస్తారు. ఈసారి మనం మూడు లెక్కలు అడుగుదాం. ఈ ఏడాది ఎంతమంది పెట్టుబడిదారుల ఆస్తి జప్తు చేసినారు? మన జిల్లాలో ఎంతమంది పిల్లలు వైద్యం మొదలుపెట్టి పూర్తి చేసినారు? మూడోది నువ్వు చెప్పు.

మేనకోడలు: గంజాయి మానేసిన కొండ రైతుల్లో ఎంతమందికి వేరే పంట డబ్బు చేతికొచ్చింది?

మామ: కిలోల లెక్క ఎట్లాగూ చెబుతారు, చెప్పనీ. ఈ మూడు చెప్పకుంటే ఆ కిలోలకు అర్థం లేదని జిల్లా సమావేశంలో లేచి నేను అడుగుతా. రిటైరైనోణ్ణి, నన్ను ఎవరూ బదిలీ చేయలేరు.

మేనకోడలు: సమాచార హక్కు కింద నేను రాసి అడుగుతా. ఆ తల్లిని ఒకసారి నా దగ్గరికి పంపు మామా. 64ఏ కింద అర్జీ ఎట్లా పెట్టాలో నేను రాసిస్తా. కర్నూలు ఆసుపత్రికి మొదటిసారి వాళ్ళ వెంట నేనే పోతా.